బాపు కాళ్లకు సెన్సర్లు కట్టిన, 6 మీటర్ల వరండాను 31 మీటర్లు అంటంది, ఎక్కడ తప్పుతున్న?

హన్మకొండ_పోరడు:

అందరికి నమస్తే. జర పెద్ద పోస్టు, ఓపికతోని చదవుండ్రి.

మా బాపు ఆర్టీసీల డ్రైవర్ చేసి రిటైరైండు. పోయిన ఎండకాలం పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. చెయ్యి ఇంకా సరిగ లేస్తలేదు గని కాలు మెల్లమెల్లగ వస్తంది, ఇప్పుడు కర్ర పట్టుకోని వరండాల ఈ మూలకెళ్లి ఆ మూలకు నడుస్తండు. ముప్పై ఏండ్లు క్లచ్చి తొక్కిన కాలు ఇయ్యాల నా మాటే వింటలేదురా అంటడు. వారానికి రెండు సార్లు ఫిజియోథెరపీకి తీస్కపోతున్న. అక్కడ "పోయినసారి కంటే మంచిగుంది" అంటరు, ఇంటికొస్తె అమ్మ "ఏం మారలే, గట్లనే ఈడుస్తండు" అంటది, ఎవల మాట నమ్మాల్నో తెల్వక నేనే కొలుద్దామని మొదలువెట్టిన.

ముందుగాల ఫోన్ జేబుల వేసి స్టెప్ కౌంటర్ పెట్టిన. వరండా ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు బాపు 19 అడుగులు వేసిండు, నోటితోని లెక్కపెట్టిన, ఫోన్ మాత్రం 4 అన్నది. నిమ్మలంగ నడిచేటోళ్ల అడుగు దానికి అడుగే కాదు కావచ్చు.

ఇగ పాత ప్రాజెక్టువి రెండు ఈఎస్పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డులు), రెండు ఎంపీయూ-6050 సెన్సర్లు ఉంటె తీసిన. ఈ సెన్సర్ల యాక్సిలరోమీటర్ వేగం ఎట్ల మారుతందో చెప్తది, గైరో ఎంత స్పీడుగ తిరుగుతందో చెప్తది. ఒక్కో కాలుకు ఒకటి, చీలమండ కంటే జానెడు పైన, బయటి పక్క, క్రేప్ బ్యాండేజీతోని కట్టిన. సెకండుకు 100 రీడింగులు వైఫై మీద ల్యాప్‌టాప్‌కు వస్తయి, పైథాన్ల గ్రాఫ్ గీస్తున్న. ఇప్పుడు నా పరేషాన్లు:

ఒకటి, యాక్సిలరోమీటర్ రీడింగును రెండు సార్లు ఇంటిగ్రేట్ చేస్తె (అంటె టైంతోని గుణించి కూడుకుంట పోతె) దూరం రావాలె కదా? వరండా టేపుతోని కొలిస్తె 6 మీటర్లు, బాపుకు 14 సెకండ్లు పట్టింది, ల్యాప్‌టాప్ల 31 మీటర్లు వచ్చింది. మళ్లోసారి చేస్తె 22, ఇంకోసారి మైనస్ల వచ్చింది, అంటె బాపు గోడల నుంచి ఎనుకకు పోయిండన్నట్టు.

రెండు, అప్పుడప్పుడు లేని అడుగులు కనవడ్తున్నయి. సన్నగ ముల్లు లెక్క ఒక స్పైక్ వస్తది, ప్రోగ్రాం దాన్ని అడుగు కింద లెక్కపెడ్తది.

మూడోది మంచి వార్తనే. కాలు ముందుకు ఊపినప్పుడు గైరో ఎంత ఎత్తుకు పోతదో రెండు కాళ్లకు చూసి ఎడమదాన్ని కుడిదాంతోని భాగిస్తున్న. రెండు వారాల కింద 60 పర్సెంట్ ఉండె, ఇప్పుడు 82 వచ్చింది. బాపుకు చెప్పిన, మస్తు ఖుష్ అయిండు, గల్లీల అందరికి చెప్పుకుంట తిరుగుతండు. ఇది కరెక్టేనా అని ఒకసారి చూడుండ్రి. కుడి కాలు సీఎస్వీల (రీడింగులు దాచిన ఫైలు) ఒక అడుగు దగ్గరి గైరో నంబర్లు ఇవి: 29874, 32767, 32767, 32767, 32767, 31202. ఎడమది: 26100, 26855, 26410.

కరీంనగర్_కాక:

తమ్మి, నువ్వు నయం. నా బిడ్డ పోయినేడు చేతి గడియారం కొనిచ్చింది అడుగులు లెక్కపెడ్తదని, మా ఇంటామె పెట్టుకోని పొద్దుగాల రొట్టెలు కొడ్తె కూసున్న కాడనే 900 అడుగులు అచ్చినయి. మీ బాపు జల్ది కోలుకోవాలె. జవాబు తెలిసినోళ్లు చెప్తరు, నేను చదువుకుంట కూసుంట.

కాజీపేట_సిగ్నల్:

తమ్మీ, పోస్టు మొత్తం చదివిన. ముందు నీ మూడోదే చెప్తా, అదే తొందర.

32767 నాలుగుసార్లు వరుసగ ఉంది చూడు. 16 బిట్ల నంబరుకు అదే ఆఖరి మెట్టు, దాని పైన ఇంకో మెట్టు లేదు. నువ్వు సెన్సర్‌ను ఆన్ చేసి రేంజ్ ముట్టుకోకుండ వదిలేసినవ్, అది లేవంగనే గైరోను ±250 డిగ్రీ/సెకండ్ మీద పెట్టుకుంటది. ఆ రేంజ్ల ఒక్కో డిగ్రీ/సెకండ్‌కు 131 మెట్లు, 32767ను 131తోని భాగించు, దగ్గరదగ్గర 250 వస్తది. అంటె కుడి కాలు 250 దాటి ఊగుతంది, ఎంత దాటిందో సెన్సర్ చెప్పలేదు, తల తెగ్గొట్టి నీకిచ్చింది. గ్రాఫ్ గీసి చూడు, కుడి కాలు కొసలు బల్లపరుపుగ ఉంటయి, గుట్ట ఉండాల్సిన కాడ గద్దె ఉంటది. ఎడమ కాలు 205 కాడనే ఆగింది కాబట్టి దానికేం కాలే. నీ 82 పర్సెంట్ అంటె 205ను 250తోని భాగించుడే. నిజం కుడిది 300 దాటితె ఆ 82 అంత కిందికి జారుతది.

బాధపడకు, ఎడమది రెండు వారాల కింద 150 ఉండి ఇప్పుడు 205కు వచ్చిందా లేదా? ఆ నంబరుకు తల తెగలే, అది నిజమైన పెరుగుడే. భాగించుడు కాడనే మోసం అయింది.

మార్చాల్సింది: సెన్సర్ లోపలి 27వ రిజిస్టర్ల (సెట్టింగు రాసే గడి) 16 రాయి, గైరో ±1000 అయితది. అప్పుడు 131 కాదు, 32.8తోని భాగించాలె, ఇది మర్చిపోయి సగం మంది మళ్ల ఇక్కడనే పోస్టు పెడ్తరు. 28వ దాంట్ల కూడ 16 రాస్తె యాక్సిలరోమీటర్ ±8జీ అయితది (ఒక జీ అంటె భూమి గుంజుడంత), ఒక జీకి 4096 మెట్లు. మడమ నేలకు తాకిన దెబ్బకు ±2జీ సరిపోదు.

ఇగ 31 మీటర్ల సంగతి. సెన్సర్‌కు నీ బాపు కదులుడు, భూమి గుంజుడు వేరువేరుగ తెల్వయి, రెండు కలిపే చెప్తది. నువ్వు ఏం చేస్తున్నవ్, సెన్సర్ ఎంత వంగి ఉందో లెక్కగట్టి భూమి వంతు తీసేస్తున్నవ్. ఆ వంపు ఒక్క డిగ్రీ తప్పు పడ్డదనుకో, భూమి గుంజుడు 9.8ల 0.17 (సెకండ్ స్క్వేర్‌కు మీటర్లు) దొంగ యాక్సిలరేషన్ మిగుల్తది. రెండు సార్లు ఇంటిగ్రేట్ చేస్తె అది టైం స్క్వేర్ లెక్కన పెరుగుతది, 10 సెకండ్లకు ఎనిమిదిన్నర మీటర్లు. నీ 14 సెకండ్లకు 25 మీటర్లు ఎక్కువ వచ్చిందంటె డిగ్రీన్నర తప్పు చాలు. పిక్క ముడిచినప్పుడు కట్టు గంత జరుగదా? మైనస్ కూడ అందుకే, వంపు ఎటు తప్పితె అటు పోతది.

దీనికి మందు ఉంది, ప్రతి అడుగుల పాదం నేల మీద ఆనిన క్షణం దొర్కవట్టి స్పీడును సున్నా చేసుడు, తప్పు అక్కడికక్కడ తెగిపోతది, పెరుగుటానికి టైం దొరుకదు. జీరో వెలాసిటీ అప్‌డేట్ అంటరు. గని దానికి సెన్సర్ పాదం మీద ఉండాలె, చెప్పు పట్టీ మీదనో షూ లేసుల మీదనో. నువ్వు పిక్క కాడ కట్టినవ్, పాదం ఆనినా పిక్క ముందుకు వాలుతనే ఉంటది, సున్నా ఎన్నడు కాదు.

నన్నడిగితె దూరం ఇడ్సిపెట్టు. దూరానికి టేపు ఉంది. ఈ సెన్సర్‌కు బాగ తెలిసింది టైం. పిక్క మీది గైరోల ఊపు మధ్యల పెద్ద గుట్ట, దాని ఎంబడే ఒక గుంట, అది మడమ ఆనిన క్షణం. మళ్ల గుట్ట రాకముందు ఇంకో గుంట, అది బొటనేలు లేచిన క్షణం. మొదటి గుంట నుంచి రెండో గుంటకు కాలు నేల మీద ఉన్న టైం, మిగిలింది గాలిల ఉన్న టైం. ఇంటిగ్రేషనే లేదు. బాగున్న మనిషికి ఒక పూర్తి అడుగు చక్రంల కాలు నేల మీద దగ్గరదగ్గర 60 పర్సెంట్, గాలిల 40 ఉంటది. రెండు కాళ్లకు ఇది తీసి పక్కపక్కన పెట్టు.

టైం అన్నప్పుడు ఇంకోటి. రీడింగుకు టైం ల్యాప్‌టాప్ల వేస్తున్నవా? అట్లయితె వైఫై ఆలస్యం అంత నీ బాపు నడక మీద పడ్తది. బోర్డు మీదనే మైక్రోసెకండ్ల టైం, వరుస నంబరు వేసి పంపు, నంబరు తప్పితె ప్యాకెట్ పోయినట్టు తెలుస్తది. రెండు బోర్డుల గడియారాలు కూడ ఒక్కతీరు నడువయి, 20 పీపీఎం (పది లక్షలల 20 వంతులు) తేడా ఉంటె పది నిమిషాలకు 12 మిల్లీసెకండ్లు. మొదలువెట్టేముందు రెండింటిని ఒకే పీట మీద పెట్టి పీటను ఒక్క గుద్దు గుద్దు, రెండిట్ల స్పైక్ వస్తది, అవి కలుపు. అయిపోయినంక మళ్లోసారి గుద్దు.

లేని అడుగుల సంగతి నాకు అర్థం కాలే. వైర్లు లూజా? బాపు ఏం బట్టలు వేసుకుంటడు?

హన్మకొండ_పోరడు:

అన్నా, దండం. గ్రాఫ్ ఇప్పుడే చూసిన, నువ్వన్న గద్దె గట్లనే ఉన్నది, రెండు వారాల సంది రోజు చూస్తున్న గని కండ్లకు ఆనలే.

బట్టలు అంటె లుంగి. అన్నా ఆగు. లుంగి.

హన్మకొండ_పోరడు:

లుంగియే. ఇప్పుడే చూసిన. నడిచినప్పుడు అంచు పోయి సెన్సర్ వైరును తాకుతంది, తాకినప్పుడల్లా స్పైక్. బాగున్నప్పుడైతె పైకి మడిచి కట్టుకునేటోడు, ఇప్పుడు ఎడమ చెయ్యి రాదు కాబట్టి కిందికే వదిలేస్తండు. నేను పైకి మడిచి దోపిన, ఆరు రౌండ్లల ఒక్క దొంగ అడుగు లేదు.

ఫిజియో_అక్క:

నేను వరంగల్‌లోనే ఫిజియోథెరపీ చేస్తా, పదేళ్ల పైనే అయింది. సెన్సర్ల సంగతి ఆ అన్న చెప్పిండు కాబట్టి నడక సంగతి నేను చెప్తా.

మొదటిది, బాబూ, ఆ గైరో శిఖరాల భాగహారం పట్టుకోని ఊగకు. మనిషి జల్ది నడిస్తే రెండు కాళ్లవీ పెరుగుతయి, నిదానంగా నడిస్తే రెండూ తగ్గుతయి. పక్షవాతం వచ్చినోళ్లలో మేం కంటితోని చూసేది వేరే. బలహీనమైన కాలు మీద బరువు వేసి నిలబడటానికి భయం, అందుకని బాగున్న కాలును గాలిలో ఎక్కువసేపు ఉంచరు, గబుక్కున తెచ్చి కింద పెట్టేస్తరు. అంటే బాగున్న కాలు గాలిలో ఉండే టైం తగ్గుతది, చెడ్డ కాలుది పెరుగుతది. వినటానికి ఉల్టా అనిపిస్తది గానీ, మీ బాపు ఎడమ కాలు ఎంత బాగుపడిందో తెల్వాలంటే కుడి కాలు గాలిలో ఎంతసేపు ఉందో చూడాలె. కుడి కాలు నిమ్మలంగా గాలిలో ఆగుతుందంటే ఎడమ కాలు ఒక్కతే మోస్తున్నట్టు.

రెండోది, ఎడమ కాలును బయటికి తిప్పి, కొడవలితో గడ్డి కోసినట్టు అర్ధచంద్రంలా తెచ్చి పెడుతున్నడా? మోకాలు వంగక, పాదం వేలాడితే అట్లనే చేస్తరు, బొటనేలు నేలకు తగలకుండా. అప్పుడు నువ్వు చూసే ఒక్క యాక్సిస్ (ఊపు కొలిచే దిక్కు) తక్కువ చూపెడ్తది, ఎందుకంటే కాలు ముందుకు కాకుండా పక్కకు పోయి వస్తుంది. ఇంకోటి, పాదం వేలాడేటోళ్లకు మడమ ముందు ఆనదు, మునివేళ్లో మొత్తం పాదమో ఒక్కసారే పడ్తది, ఆ అన్న చెప్పిన మొదటి గుంట ఎడమ కాలుకు సరిగా కనపడకపోవచ్చు. ప్రోగ్రాం దొరకలేదని వేరే ఏదో గుంటను పట్టుకుంటే లెక్క మొత్తం తారుమారు.

స్పీడుకు సెన్సరే అక్కర్లేదు. నేల మీద 10 మీటర్లు గీత గీయి, ముందు 2 మీటర్లు, వెనక 2 మీటర్లు వదులు, మధ్యలో పదికి స్టాప్‌వాచ్ పట్టు. మొదలుపెట్టేటప్పుడు, ఆగేటప్పుడు ఎవరైనా నిదానమే, అందుకే ఆ రెండు చివర్లు వదిలేసేది. నువ్వు చెప్పిన 6 మీటర్లు, 14 సెకండ్లు అంటే సెకండుకు 0.43 మీటర్లు. 0.4 లోపు అయితే ఇంట్లోకే సరిపోయే నడక, 0.8 దాటితే బయట తన పని తను చూసుకోగలడు అని మేం ఒక అందాజా పెట్టుకుంటం. మీ బాపు ఇప్పుడే గడప దాటిండు అనుకో. వరండా సరిపోకపోతే పొద్దుగాల ఎండ రాకముందు పబ్లిక్ గార్డెన్‌కు తీసుకపో, చదును ఉన్న కాడ చూసుకో, ఒక మనిషి ఎడమ పక్కనే ఉండాలె.

బ్యాండేజీ గట్టిగా బిగించకు. ఆ పక్క స్పర్శ తక్కువ ఉంటది, షుగర్ కూడ ఉంటే కట్టు కింద బొబ్బ వచ్చినా వాళ్లకు తెల్వదు. విప్పినాక చర్మం చూడు. చార్జింగ్ వైరు కాలుకు ఉండంగ నడిపించకు, ఇది చెప్పాల్సిన అవసరం లేదనుకుంటా కానీ చూసిన కాబట్టి చెప్తున్న.

ఒక మాట, నంబర్లు రోజూ మీ బాపుకు చెప్పకు. చెప్తే నంబరు కోసం నడుస్తడు. నాకు తెలిసిన ఒక పెద్దాయన స్పీడు పెంచాలని కర్ర వదిలేసి పడ్డడు.

కోరుట్ల_కెమెరా:

ఇంత కష్టం ఎందుకన్నా, ఫోన్ ఉంది కదా. నేలకు సమానంగ స్టూల్ మీద పెట్టి పక్కకెళ్లి వీడియో తీయ్. 60 ఫ్రేములకు పెడితె ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకండ్లు, స్లో మోషన్ల 240 పెడితె 4 మిల్లీసెకండ్లు. మడమకు తెల్ల టేపు ముక్క అంటించు, ఎప్పుడు లేచింది ఎప్పుడు ఆనింది ఫ్రేములు లెక్కపెట్టు. నేను ఫంక్షన్ల వీడియోలు ఎడిట్ చేస్త, ఫ్రేములు లెక్కపెట్టుడు నాకు పొద్దుపోక చేసే పని.

కాజీపేట_సిగ్నల్:

@కోరుట్ల_కెమెరా భలే చెప్పినవ్, వీడియోనే దీనికి గురువు. తమ్మీ, ఒక పది అడుగులకు వీడియో లెక్క, సెన్సర్ లెక్క పక్కపక్కన పెట్టి చూడు, అక్క చెప్పిన ఎడమ కాలు గుంట దొరుకుతుందో లేదో అక్కడనే బయటపడ్తది. రోజు వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టుడు నీతోని కాదు, అందుకే సెన్సర్.

అక్క చెప్పిన పక్క తిప్పుడుకు, మూడు యాక్సిస్‌లు దాచిపెట్టు, ఒక్కటే కాదు. కట్టు పిక్క చుట్టు 20 డిగ్రీలు తిరిగినా ముందుకు ఊపే యాక్సిస్ల 6 పర్సెంట్ తగ్గినట్టు కనవడ్తది, నిన్న ఇయ్యాల తేడా అంత అదే అయితది. స్కెచ్ పెన్నుతోని కాలు మీద చిన్న గీత పెట్టుకో, రోజు అక్కడనే కట్టు.

ఇంకో ముచ్చట, పనికి సంబంధం లేదు గని చెప్పాలె. ఈ కాలుకు కట్టి కొలుసుడు కొత్తది కాదు. 1870లల్ల ఫ్రాన్స్ల ఎతియెన్ జూల్ మారే అనేటాయన షూ అడుగున రబ్బరు గాలి సంచి పెట్టిండు, అడుగు పడ్డప్పుడు గాలి ట్యూబులకెళ్లి పోయి చేతుల పట్టుకున్న డబ్బా మీద గీత గీసేది. నడిచేటోడే రికార్డరు మోసుకపోవుడు. వైఫై ఒక్కటే తక్కువ.

కరీంనగర్_కాక:

గాలి సంచా! మా ఊరి సైకిల్ పంక్చర్ షాపాయనకు చెప్తె రేపే చేసిస్తడు.

హన్మకొండ_పోరడు:

అందరికి అప్‌డేట్, తొమ్మిది రోజులయింది.

రేంజ్ మార్చిన, 32.8 కూడ మార్చిన (ఒకరోజు మర్చిపోయిన, బాపు ఎడమ కాలు 51 డిగ్రీలే ఊగిందని కంగారువడ్డ). కుడి కాలు నిజం గుట్ట 318 వచ్చింది. అంటె నా 82 పర్సెంట్ అసలుకు 64. ఆ రాత్రి నిద్ర పట్టలే.

కోరుట్ల అన్న చెప్పినట్టు వీడియో తీసిన, పది అడుగులు లెక్కపెట్టెటాళ్లకు కండ్లు గుంజినయి. కుడి కాలుకు వీడియో, సెన్సర్ రెండు మూడు ఫ్రేముల తేడాతోని కలిసినయి. ఎడమ కాలు మాత్రం అక్క చెప్పినట్టే అయింది, పది అడుగులల నాలిగింటికి ప్రోగ్రాం తప్పు గుంట పట్టింది. వీడియోల చూస్తె ఆ నాలుగు అడుగులల మడమ ఆనలే, చెప్పు ముందు భాగం సర్రుమని నేలను గీకి ఆగింది. ఇప్పుడు ఎడమ కాలుకు గుంట ఒక్కటే కాకుండ యాక్సిలరోమీటర్ దెబ్బ కూడ చూసి నిర్ణయం తీస్కునేటట్టు రాసిన, పదిట్ల తొమ్మిది పడ్తున్నయి.

టైంలు: ఒక పూర్తి చక్రం 1.5 సెకండ్లు. ఎడమ కాలు గాలిల 0.54, కుడి కాలు గాలిల 0.36. అక్కా, నువ్వన్న ఉల్టా లెక్క కండ్ల ముందర కనవడ్డది. పాత డేటా దాచిపెట్టిన కదా, గద్దె తెగినా గుంటలు తెగలే, మళ్ల తీసి లెక్క చేసిన. మూడు వారాల కింద కుడి కాలు గాలిల 0.29 ఉండె. 0.29 నుంచి 0.36. ఇది నిజమేనా అక్కా, నేను మళ్ల ఏమన్న మోసపోతున్ననా?

ఫిజియో_అక్క:

పాత రోజు, ఇప్పటి రోజు ఒకే స్పీడుతో నడిచిండా? స్పీడు మారితే ఆ టైంలు కూడ మారుతయి. చక్రం టైం పాతది ఎంత ఉండె చెప్పు.

హన్మకొండ_పోరడు:

పాతది 1.55, ఇప్పుడు 1.5. పర్సెంట్ల 19 నుంచి 24కు వచ్చింది.

ఫిజియో_అక్క:

అయితే చక్రం దాదాపు అంతే ఉంది, వాటా పెరిగింది. మంచి గుర్తే. ఒక్క రోజు చూసి కాదు, వారంలో మూడు నాలుగు రోజులవి కలిపి చూడు. ఆ గీకే నాలుగు అడుగుల వీడియో మీ థెరపిస్టుకు తప్పకుండా చూపెట్టు, పాదం వేలాడకుండా పట్టి ఉంచే ఏఎఫ్ఓ పట్టీ పెట్టాల్నా అనేది ఆమె చూసి చెప్పాలె, ఇక్కడ రాసింది చదివి నేను చెప్పేది కాదు.

ఇంకోటి, సెన్సర్ కట్టినప్పుడు బాపు ఎట్ల నడుస్తున్నడు?

హన్మకొండ_పోరడు:

పరేడ్ చేసినట్టు నడుస్తడక్కా. కట్టు కట్టంగనే నడుము నిక్కి, కండ్లు ముందట పెట్టి. విప్పంగనే మళ్ల పాత నడకే.

ఫిజియో_అక్క:

అందరూ అంతే. అందుకే కట్టి ఒక అరగంట వదిలేయ్, కూసోనీ, లేవనీ, చాయ్ తాగనీ. నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకోని ఎదురుంగ నిలవడకు. మధ్యల ఎవరితోనన్నా మాట్లాడుకుంట నడిచినప్పుడు వచ్చిన డేటా వేరుగా తీసి పెట్టు. మాట్లాడుకుంట నడిస్తే ధ్యాస కాలు మీద ఉండదు, అప్పుడు వచ్చేదే అసలు నడక.

కాజీపేట_సిగ్నల్:

అరగంట అయితె వైఫై మీద పంపుడు బంద్ చేసి బోర్డుల మెమరీ కార్డు పెట్టి రాయి, బ్యాటరీ ఎక్కువసేపు వస్తది, ప్యాకెట్లు పోవు. పీట గుద్దుడు మాత్రం మొదట్ల, ఆఖర్ల మర్చిపోకు.

హన్మకొండ_పోరడు:

కార్డు పెట్టిన అన్నా. నిన్న బాపు దోస్తు, ఆయనది కూడ డ్రైవర్ నౌకరే, ఇంటికొచ్చిండు, ఇద్దరు వరండాల మాట్లాడుకుంట నాలుగు రౌండ్లు తిరిగిండ్రు, బాపు సెన్సర్ సంగతే మర్చిపోయిండు. కుడి కాలు గాలిల 0.33 వచ్చింది. పరేడ్ల 0.36, ముచ్చట్లల 0.33. రెండు వేరువేరు కాలమ్‌లల రాస్తున్న ఇగ.

రాత్రి అన్నం తినుకుంట బాపు అడిగిండు, ఎంతొచ్చిందిరా, 82 దాటిందా అని. ఇప్పుడు మిషన్ మార్చిన బాపూ, పర్సెంట్లు చెప్పదది అన్న. కొద్దిసేపు సప్పుడు చేయలే. తర్వాత, చెప్పు గీకే సప్పుడైతె తగ్గిందిరా, నాకినవడ్తంది అన్నడు. ఇయ్యాల పొద్దుగాల డేటాల చూస్తె ముచ్చట్లు పెట్టుకుంట నడిచిన 74 ఎడమ అడుగులల గీకినయి 21.

సోమవారం వీడియో పట్టుకోని థెరపిస్టు కాడికి పోతున్నం.